కుటుంబం సమ్మతించినచో

“అర్రల నీళ్లు గొట్టి మంచిగ కడుగు మార్తా. పిలగాడొస్తుండు,” అన్నాడు జంగప్ప, వేపపుల్ల నములుతూ, ఎటో చూస్తూ.

పిలగాడంటే నలభై ఎనిమిదేళ్ల వెంకటేశం. జంగప్పకు కొడుకు, మార్తకు భర్త. ఎనిమిదేళ్లుగా జైలులో ఉన్నాడు. సత్ప్రవర్తన కారణంగా జనవరి ఇరవై ఆరున ముందుగా విడిచిపెట్టబోయే వాళ్లలో అతని పేరూ ఉందని ఊరంతా చెప్పుకుంటున్నా, ఇంట్లో ఆ సంగతి మార్తతో ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో ఏ కబురైనా ఆమె దగ్గరకు పని రూపంలోనే వచ్చేది. ఆడబిడ్డకు సంబంధం కుదిరిన కబురు “అరిసెలకు బియ్యం నానబొయ్యి” అన్న మాటగా వచ్చింది. చినమామ పోయిన కబురు “పొయ్యి ఆర్పు” అన్న మాటగా వచ్చింది. ఇప్పుడిది, అర్ర కడుగు.

ఎప్పుడు వస్తాడని ఆమె అడగలేదు. ఎప్పుడు అని అడిగితే ఎందుకు అని అడిగినట్టు లెక్క వేసే ఇల్లది. బకెట్టు తెచ్చుకుని, కొంగు దోపుకుని, గడప లోపలినుంచి నీళ్లు చల్లింది. అర్రలో పరిచినవి తాండూరు బండలు. పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ముసలి ముఖాల్లా ఉంటాయి. తడి తగిలితే లోపలినుంచి నీలం పైకి తేలుతుంది. నీళ్లు మూలమూలకూ పాకాయి, కిటికీ వెలుతురు వాటిలోకి దిగింది, కొంచెంసేపు ఆ నేల నేల కాకుండా పోయింది. కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ల మీద పొద్దుటి మంచు పరచుకున్నట్టు, అందులో అడుగు వేస్తే ఎక్కడో అవతల తేలవచ్చన్నట్టు. మార్త చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఈ అర్ర ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. వెంకటేశాన్ని పోలీసులు తీసుకుపోయిన తరువాత, చెట్టు పడిపోయిన చోట ఎండ వచ్చినట్టు, మెల్లగా ఆమెదయింది. కాళ్లు పూర్తిగా చాపుకుని నిద్రపోవచ్చని ఆమె ముప్పై ఏడో ఏట ఇక్కడే తెలుసుకుంది. ఇక్కడే ఆమెకు ఒక కల రావడం మొదలైంది. అనంతగిరి అడవిలో ఎక్కడో పైన ఉంటుంది తాను. ఎటు చూసినా మంచు. కింద నుంచి ఎవరో పేరు పెట్టకుండా, ఒసేయ్ అని కూడా కాకుండా, వట్టి పిలుపుగా పిలుస్తుంటారు. ఆమెకు వినబడుతూనే ఉంటుంది. పలకదు. కలలో జరిగేది అంతే. పలకకపోవడంలో ఉన్న తీపి మెలకువ వచ్చిన తరువాత కూడా కాసేపు, ఇప్పపువ్వు నమిలినట్టు, నోట్లో నిలిచేది.

“గోడకు గా మేకు కూడ కొట్టు. వాడు అంగీ తగిలిస్తడు,” అని వాకిట్లోంచి మళ్లీ జంగప్ప గొంతు వచ్చింది.

ఎనిమిదేళ్ల కిందట వెంకటేశం ఈ ఊరి పిల్లలను తాండూరు బడికి తీసుకెళ్లే ఆటో నడిపేవాడు. ధారూర్‌కూ తాండూరుకూ నడుమ ఉన్న ఊరు. పిల్లలు ఎక్కిదిగే వరస అందరికీ తెలుసు. చివర దిగేది శంకరమ్మ కూతురు సింధుజ, అయిదో తరగతి పిల్ల. గొర్రెల మంద వెంట తల్లీతండ్రీ పొలాలు పట్టి తిరిగే రోజులు కాబట్టి వానొచ్చినా, పొద్దు వాలినా ఆటో మీదే భరోసా. ఒక వాన సాయంత్రం ఆ భరోసాను వెంకటేశం బండల గనుల దారిలోకి తిప్పాడు. తరువాత కోర్టు పద్నాలుగేళ్లు వేసింది. కోర్టులో మార్తను అడిగింది ఒక్కటే, ఆ రోజు ఆటో ఇంటికి ఎప్పుడు వచ్చిందని. “దీపం పెట్టినంక,” అంది మార్త. రోజూ దీపం పెట్టక ముందే వచ్చేది. అంతకు మించి ఆమె ఏమీ అనలేదు, అంతకు తక్కువా అనలేదు. ఆ ఒక్క మాటకు అత్తమామలు ఎనిమిదేళ్లుగా ఆమె చేత అన్నం పెట్టించుకుంటూనే ఆమెకు శిక్ష వేస్తున్నారు.

ఆ కోర్టులోనే ఒక మాట ఆమె వీపు మీద ఎక్కి కూర్చుంది. నల్లకోటు గుమాస్తా కాయితాలు తిరగేస్తూ, “ముద్దాయి కుటుంబం వచ్చిందా?” అని కేకేశాడు. బెంచీ మీద అత్త నాగవ్వ ఉంది, మామ ఉన్నాడు, మామ వైపు బంధువులు ఉన్నారు. ఎవరూ లేవలేదు. అందరూ మార్త వైపు చూశారు. ఆ పక్క మగవాళ్లు పెళ్లాం అనే మాటను పదిమందిలో అనలేక కుటుంబం అంటారు. “మా కుటుంబానికి పానం బాగలేదు,” అంటే పెళ్లానికి జ్వరం అని. మార్త లేచి నిలబడింది. హాలులో ఉన్నవాళ్లంతా, నేరం ఆమె చేతి సంచీలో ఉందేమో అన్నట్టు ఆమెను చూశారు. ఆ తరువాత రేషను దుకాణంలో, జైలు ములాఖాతు వరసలో, ఎక్కడైనా అదే పిలుపు. “వెంకటేశం కుటుంబం.” ఆమె ఒక్కతే పోయి నిలబడేది. ములాఖాతులో అతను జాలీ వెనకనుంచి మొదట అడిగేది ఊరగాయ గురించి. “ఉప్పెక్కువేసినవ్,” అనేవాడు. “నీకు ఎన్నడు తెల్వాలె.” ఇన్నేళ్లలో ఆ పిల్ల ఎట్లుంది అని ఒక్కసారి అడుగుతాడేమో అని మార్త చూసింది. చివరికి చూడడం మానేసింది.

నేల ఆరింది. నీలం మళ్లీ లోపలికి పోయింది. ఆమె మేకు కొట్టలేదు. సుత్తె దొరకలేదంది.

మార్త వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టలులో వంటమనిషి. తెల్లవారకముందే అత్తమామలకు రొట్టెలు కాల్చి మూతపెట్టి, చిన్న స్టేషనుకు నడిచి ప్యాసింజరు ఎక్కుతుంది. జనవరి మంచులో ఆ రైలు వస్తున్నట్టు కనబడదు. ముందు పట్టాలు సన్నగా పాడతాయి, తరువాత వెలుతురు ఒకటి పాలలో పడ్డ పసుపులా వ్యాపిస్తుంది, తరువాత డబ్బాలు. కిటికీ పక్కన కూర్చుంటే కోత అయిన కంది చేలు, కట్టలు కట్టి నిలబెట్టిన కందికట్టె, దూరాన కొండల గీత, అన్నీ ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ ఉంటాయి. ఆ దారి మధ్యలో తాను ఎవరికీ ఏమీ కాదు. దిగేవరకూ ఆమెకు వయసు కూడా ఉండదు.

సింధుజ కూడా ఆ రైలులోనే వికారాబాద్ కాలేజీకి వెళుతుంది. డిగ్రీలో చేరినప్పటినుంచి ఇద్దరూ ఆడవాళ్ల డబ్బాలో చెరో కొసనా కూర్చునేవారు. పగ కాదు. చూపులు కలిస్తే ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగేవారు, అంతే. ఒకనాడు సీటు లేక సింధుజ నిలబడితే మార్త లేచి తలుపు దగ్గరికి పోయింది. తాను లేచిన సీటులో సింధుజ కూర్చోలేదు. ఖాళీ సీటు ఇద్దరి మధ్య వికారాబాద్ దాకా వచ్చింది.

ఆ రోజు మాత్రం సింధుజ నేరుగా వచ్చి ఎదురుగా కూర్చుంది. సంచీ ఒడిలో పెట్టుకుంది.

“అత్తా, ఒక్క మాటడుగుత. తిట్టుకోవు గద.”

“అడుగు బిడ్డా.”

“ఆయనొస్తే తలుపు తీస్తవా?”

మార్త కిటికీ వైపు తిరిగింది. మంచులో ఒక పేరులేని ఊరు వెనక్కి పోయింది.

“నేను నిన్నేమంటలేను,” అంది సింధుజ. “నీ ఇల్లు, నీ మనిషి. తీస్తవంటే ముందుగాల్నే చెప్పు, నాదేదో నేను చూసుకుంట. మా నాయిన కాలేజి బంద్ జెయ్యమంటుండు. పంచాయతీ నడిపే నవీనన్న అయితే బషీరాబాద్‌ల మా మేనమామ ఇంట్ల ఉంచుమన్నడంట, కొన్నొద్దులు. గాడ సగం మంది కన్నడం మాట్లాడుతరు. నాకు ముక్క రాదు.” చిన్నగా నవ్వింది. “ఆయన జైలు నుంచి ఇంటికొస్తడంట, నేను ఇంట్లకెల్లి పోవాల్నంట. మంచిగనే ఉన్నది.”

“నీకేం కావాలె బిడ్డా?”

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని అనుకోనట్టు సింధుజ కాసేపు ఆలోచించింది. “నాకు ఎకనామిక్స్ పరీక్షున్నది అత్తా,” అంది. “గంతే.”

వికారాబాద్‌లో దిగి సింధుజ జనంలో కలిసిపోయింది. మార్త హాస్టలు దాకా నడిచిందో, మంచే ఆమెను తీసుకుపోయి దింపిందో ఆమెకు గుర్తు లేదు. పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. ఆవిరి కిటికీ అద్దాల మీద పట్టి బయటి లోకాన్ని చెరిపేసింది. అవతల గదిలో ఆడపిల్లలు జడలు వేసుకుంటూ ఏదో మాటకు విరగబడి నవ్వుతున్నారు. సత్ప్రవర్తన అనే మాట ఆమె తలలో మెల్లగా తిరుగుతోంది. చిన్నప్పుడు మిషను బడిలో ఏడాదికొకసారి సత్ప్రవర్తనకు బహుమతి ఇచ్చేవారు. మార్తకు ఒకసారి వచ్చింది, దేవదూత బొమ్మ ఉన్న అట్టముక్క. ఎందుకిచ్చారని ఇంట్లో అడిగితే ఆమెకు చెప్పడం రాలేదు. ఏమీ చేయనందుకు, అంది. ఇంట్లో వాళ్లు నవ్వారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సమాధానంలో ఏదో ఉంది. ఏమీ చేయడానికి వీలులేని చోట ఏమీ చేయకపోవడం. ఆమె గరిటె తిప్పుతూ ఆ గదివైపు చెవి పెట్టి వింది. జైలు గోడల లోపల ఈ నవ్వు ఎక్కడా ఉండదు. అతను అక్కడ తోట పెంచాడట. గులాబీలు బాగా పూయించాడట. గులాబీలు ఆటో ఎక్కవు.

“మార్తమ్మా, అడుగు అంటుతుంది,” అని వార్డెన్ రచన మేడమ్ వచ్చి మంట తగ్గించింది. చిన్నది, మొహమాటం ఎరగనిది. “మీ ఆయన సంగతి విన్నాను. ఒకటే చెప్తాను. స్టోరు వెనక గది ఖాళీగా ఉంది. నేను అడగను, నువ్వు చెప్పక్కర్లేదు. తాళంచెవి మేకుకు ఉంటుంది.”

మార్త తలూపింది. కానీ ఆమెకు తెలుసు, అది తలుపు కాదు, పక్కదారి. తాను ఇక్కడికి వచ్చేసినా, విడుదలకు సర్కారు ఇంటివాళ్లను అడిగినప్పుడు ఎవరో ఒకరు అక్కడ సరే అనేస్తారు, తన పేరు మీదే. వెంకటేశం ఆ ఊళ్లో దిగుతాడు. ఆ పిల్ల పరీక్ష రాయదు.

సాయంత్రం ఆమె నాగవ్వకు నూనె పెట్టి తానం పోసింది. అత్తకు రెండు కళ్లలోనూ పొర కమ్మింది. వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియవు. వేడినీళ్లు భుజం మీద పడగానే ఆమె చిన్నపిల్లలా కళ్లు మూసుకుంటుంది. ఆ ఒళ్లు మార్తకు తన ఒళ్లకంటె ఎక్కువ తెలుసు, ఏ కీలు నొస్తుందో, ఏ మడత దగ్గర మెత్తగా రుద్దాలో. ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ప్రేమ అనదగింది ఏదైనా ఉంటే అది ఈ నీళ్ల పొగలోనే ఉంది, ఇద్దరూ మాట్లాడనంత సేపు.

నాగవ్వ మాట్లాడింది. “మార్తా, వాని మొకం చూడకుంట పోతనేమో అని భయమైతుంది నాకు. కండ్లు లేవు గని చేతుల్తోనన్న తడుముత.”

మార్త చెంబు ముంచింది.

“నాడు నీ ఒక్క మాటకే పోయిండు. నేడు నీ ఒక్క మాటకు రానియ్యి. సర్కారోళ్లు నిన్నే అడుగుతరంట. కుటుంబం ఒప్పుకుంటెనే ఇడుస్తరంట. ఊకె తలకాయూపు, నీ సొమ్మేం పోతది.” కొంచెం ఆగి, ఎప్పుడూ అనే మాటే అంది, కోపంగా కాదు, బాధగా, నిజంగా నమ్ముతున్నట్టు. “నీ కడుపున ఓ నలుసు పడుంటె వాడు గిట్ల కాకపోతుండె. పిల్లలున్న మొగోనికి పిల్లల మీద ప్రేమ, పావురం ఉంటది.”

ఆ మాట మార్త ఇంతకు ముందు ఎన్నోసార్లు విన్నది. మొదట్లో కత్తిలా దిగేది. తరువాత మొద్దుబారింది. ఈ సాయంత్రం మాత్రం అది ఆమెను తాకకుండా, నీళ్ల పొగలో ఒక ఆకారంలా నిలబడింది. ఆమె దాన్ని మొదటిసారి చుట్టూ తిరిగి చూడగలిగింది. అతను చేసిన పనికి కారణం తన ఖాళీ కడుపు. అతను బయటికి రావడానికి కారణం తన ఒప్పుకోలు. వచ్చాక మళ్లీ ఏదైనా జరిగితే దానికి కారణం తన కాపలా. ఈ మొత్తం కథలో వెంకటేశం ఎక్కడున్నాడు? ఎక్కడా లేడు. అతను వర్షంలా, తెగులులా వచ్చిపోయే ఒక సంగతి. నిలబడి జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం ఆమె.

“నీళ్లు సల్లబడ్డయి అత్తమ్మా, లే,” అంది. తుడిచింది. చీర కట్టింది. తల దువ్వుతుంటే ఆ తెల్లజుట్టు చేతిలో మంచులా తేలికగా ఉంది, మార్తకు ఏడుపు వచ్చింది, ఎవరికోసమో తెలియలేదు.

ఆదివారం మధ్యాహ్నం పంచాయతీ ముందర గ్రామసభ పెట్టారు. కొత్త పాలకవర్గం వచ్చాక ఇదే మొదటి సభ. సర్పంచు భాగ్యశ్రీ. గెలిచిన నెలనుంచి సర్పంచ్ సాబ్ అని ఊరు పిలిచేది మాత్రం ఆమె భర్త నవీన్‌కుమార్‌ను. నడిమి కుర్చీలో అతనే కూర్చున్నాడు. భాగ్యశ్రీ పళ్లెంలో చాయ్ గిలాసలు పట్టుకుని మగవాళ్ల వరసల మధ్య తిరుగుతోంది. ఆడవాళ్లు గోడ వెంబడి నేలమీద కూర్చున్నారు, శంకరమ్మ, సింధుజ, ఇంకా అన్ని వాడలవాళ్లూ. మార్త గోడ చివర కూర్చుంది. శీతకాలపు ఎండ పల్చగా, తేనె కలిపిన నీళ్లలా అందరి మీదా పడుతోంది. దానిలో మాటలన్నీ దూరం నుంచి వస్తున్నట్టు ఆమెకు వినిపించాయి.

వికారాబాద్ నుంచి వచ్చిన ప్రొబేషన్ ఆఫీసరు మత్తయ్య అలసిన మనిషి, అబద్ధం ఆడడానికి కూడా ఓపిక లేనివాడు. విడుదల ఇంకా ఖాయం కాలేదని, ఊరి అభిప్రాయం, కుటుంబం అంగీకారం పైకి పంపాలని, అవి లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుందని చెప్పాడు.

నవీన్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. “పంచాయతీ తరఫున మేం ఊకె కూసోలే. ఇంతెజామ్ చేసినం. ఆడపిల్లలు పొద్దుగూకకముందే ఇండ్లు చేరాలె. వెంకటేశమన్న గల్లీలకెల్లి ఎవరు నడవొద్దు, చెర్వు దిక్కు నుంచి తిరిగి పోవాలె. స్టేషన్ కాడ ఒక కెమెరా పెడుతం. సింధుజను జర కొన్నొద్దులు బషీరాబాద్ పంపితే ఆమెకే మంచిది.”

“వానికేం పెట్టినవ్ నవీనూ?” అంది శంకరమ్మ, కూర్చున్న చోటినుంచే.

“అంటే?”

“మా పిల్లలకు టైము పెట్టినవ్, తొవ్వ పెట్టినవ్, ఊరు పెట్టినవ్. వానికేం పెట్టినవ్ అంటున్న.”

“ఆయన మారిండు పెద్దమ్మా. మంచి నడవడికని జైలోళ్లే రాసిచ్చిండ్రు.”

“గొర్లు లేని కాడ తోడేలు గూడ సాధువే బిడ్డా. మందల ఇడిసి సూడు.”

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. మగవాళ్ల వైపు కుర్చీలు కదిలాయి. “మాటలు జర చూసి మాట్లాడు,” అన్నాడు జంగప్ప కర్ర నేలకు కొట్టి. “నా కొడుకు శిక్ష అనుభవించిండు.”

“సగం,” అంది సింధుజ. ఆ మాట అందరికీ వినబడింది.

నవీన్‌కుమార్ తొందరగా కాయితం అందుకుని చదివాడు. “‘ఖైదీ కుటుంబం అతనిని స్వీకరించి, అతని నడవడికను పర్యవేక్షించుటకు సమ్మతించినచో, గ్రామ పంచాయతీకి ఎట్టి అభ్యంతరమూ లేదు.’ అందరికీ సమ్మతమే గద?”

సమ్మతమే అన్నట్టు గొణుగుడు వినిపించింది. తరువాత, ఎవరూ చెప్పకుండానే, ఆనాడు కోర్టు బెంచీ మీద జరిగినట్టే, తలలన్నీ ఒక్కొక్కటిగా గోడ చివరకు తిరిగాయి.

“ఊ అను వదినా,” అన్నాడు నవీన్‌కుమార్, మెత్తగా. “నువ్వు నిగా పెడితే ఊరికి ఫికర్ ఉండది. ఆడమనిషి అనుకుంటే మొగోన్ని గీత దాటనిస్తదా?”

మార్త లేచింది. తాను లేచిందని ఆమెకు తరువాత తెలిసింది. కలలో ఉన్నట్టే ఉంది, కింద నుంచి పిలుపు, చుట్టూ తెల్లటి వెలుతురు. కానీ ఈసారి పలకకుండా ఉంటే సరిపోదు. ఊరుకున్న ఆడదాన్ని ఒప్పుకున్నదాని కింద రాసుకుంటారు.

“సార్,” అంది మత్తయ్య వైపు చూసి, “గా కాయితంల కుటుంబం అంటే ఎవరు?”

“మీరే కదమ్మా.”

“మా అత్తమామలు?”

“వాళ్లు పెద్దవాళ్లు. వాళ్లను చూసుకోవడానికే ఒకరు కావాలి.”

“ఆయన బయటికి పోతే ఎంబడి పోవాల్సింది?”

“మీరే.”

“ఎంబడి పోయినప్పుడు ఇంట్ల వంట, అత్తమ్మ తానం, నా హాస్టల్ పని?”

మత్తయ్య కాయితం వైపు చూశాడు. అందులో దానికి గడి లేదు. “అవి... మీరు చూసుకోవాలమ్మా.”

“ఏమన్నైతే అడిగేది ఎవర్ని?”

జంగప్పకు ఓపిక పోయింది. “ఏందీ విచారణ? కుటుంబం అంటే పెండ్లామే. లోకమంత ఎరుక. కొత్తగ నేర్పాల్నా నీకు?”

మగవాళ్లు నవ్వారు. మార్త ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగింది.

“సరే మామా. మీ అందరి మాటనే నా మాట. కుటుంబం అంటే నేనే.” మత్తయ్య వైపు తిరిగింది. “కుటుంబం ఒప్పుకోలేదు. రాసుకోండి సార్.”

జంగప్ప కర్ర ఊతంగా లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. “ఇల్లు నాది,” అన్నాడు.

“మీదే మామా. ఎన్నడు నాదనలే. నేను రేపటి సంది వికారాబాద్‌ల ఉంట. అత్తమ్మకు మాత్రం ఆదివారం ఆదివారం వచ్చి తానం పోస్త. అది కుటుంబం పని కాదు, నా ఇష్టం.”

“ఆలోచించుకో అమ్మా,” అన్నాడు మత్తయ్య, నిష్ఠూరంగా కాదు. “మీరు కాదంటే నేను ఇంకో గడి నింపాలి.” కళ్లజోడు సరిచేసుకుని చదివాడు. “‘కుటుంబం నిరాకరించిన యెడల, గ్రామంలో పూచీ వహించు వ్యక్తి పేరు.’ అభ్యంతరం లేదన్నారు కదా. ఎవరి పేరు రాయమంటారు?”

అతను తల ఎత్తి కుర్చీల వరసల వైపు చూశాడు. అలా చూడడం అతని వృత్తి. అందులో వెటకారం లేదు. మొదటి వరసలో ఒకాయన సెల్‌ఫోను చెవికి పెట్టుకుని, మోగకపోయినా మాట్లాడుతూ లేచాడు. ఇంకొకాయనకు బర్రెకు నీళ్లు పెట్టలేదని గుర్తొచ్చింది. వార్డు మెంబరు బీరప్ప, “నాకు కంది బస్తాలు తాండూర్ మార్కెట్‌కు తోలేదున్నది, సర్పంచ్ సాబ్ ఎట్లంటె అట్ల,” అంటూనే గేటు దాటాడు. నవీన్‌కుమార్ కాసేపు కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, ఎమ్మార్వో ఆఫీసుకు ఫోను చేసి వస్తానని బండి తీశాడు. జంగప్పను ఎవరో చేయి పట్టుకుని నడిపించుకుపోయారు. మార్తకు ఇదంతా నెమ్మదిగా, మంచు విడిపోతున్నప్పుడు చెట్లు ఒక్కొక్కటే వెనక్కి జరిగినట్టు కనిపించింది. ఎండలో ఖాళీ కుర్చీలు మిగిలాయి, వాటి నీడలు మిగిలాయి.

భాగ్యశ్రీ పళ్లెం పట్టుకుని వాటి మధ్యనే నిలబడి ఉంది. పళ్లెం నడిమి కుర్చీలో పెట్టబోయి, ఆగి, కింద పెట్టింది. కుర్చీలో తాను కూర్చుంది. కూర్చున్నాక పమిట సర్దుకుంది, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీద పెట్టింది.

“గా పంచాయతీ ముద్ర నా పేరు మీదనే ఉంటది గద సార్?” అంది.

“మీ పేరు మీదే అమ్మా. సర్పంచు మీరే.” మత్తయ్య కాయితాలు సర్దుతున్నాడు. “కానీ ఇప్పుడేం చేస్తాం. అభ్యంతరం లేదన్న తీర్మానం మార్చి రాయాలంటే సభ ఉండాలి. అందరూ వెళ్లిపోయారు.”

గోడ వెంబడి శంకరమ్మ కదలలేదు. సింధుజ కదలలేదు. వాళ్ల పక్కన, వెనక, మెట్ల మీద, ఊళ్లోని ఆడవాళ్లంతా చెంగులు ఎండకు అడ్డం పెట్టుకుని కూర్చునే ఉన్నారు. మార్త నాలుగడుగులు వేసి, మొదటి వరసలో ఒక కుర్చీ జరుపుకుని కూర్చుంది.

“ఎవరు పోయిండ్రు సార్?” అంది. “అందరం ఉన్నం గద. రాయండి.”